పచ్చి ఇటుక అమ్మకూడదు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. "అత్తా, గ్రీన్ బిల్డింగ్స్‌కి ఇప్పుడు మంచి డిమాండ్ ఉందంట కదా. నా దగ్గర పది లక్షలున్నాయి. నీ యూనిట్‌లో ఇంకో మిషన్ వేద్దామా?" అన్నాడు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే మాట కాదది. ఇలా అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు కాబట్టి వాడికి చెప్పాలనుకున్నదంతా ఇక్కడే రాస్తున్నాను.

నాది కొండపల్లి దగ్గర ఫ్లై యాష్, అంటే బొగ్గు బూడిద, ఇటుకల యూనిట్. 2017లో పెట్టాను. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ గొట్టాలు మా యార్డులో నుంచి కనిపిస్తాయి. మన దేశపు బొగ్గు కాలిస్తే దాదాపు మూడో వంతు బూడిదే మిగులుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఆరేసిన బట్టల మీద, మామిడాకుల మీద పడేది ఆ బూడిదే. అందులో క్రషర్ డస్టూ సిమెంటూ కలిపి, ప్రెస్‌లో నొక్కి, నీళ్లు పట్టి ఇటుక చేస్తాం. బట్టీ లేదు, మంట లేదు.

మా నాన్నది మాత్రం ఎర్ర ఇటుకల బట్టీ. ఒక ఏడాది మా పక్క పొలం వాళ్లు కూతురి పెళ్లి ఖర్చుకని చేలో మట్టి అడుగున్నర లోతు తవ్వి మాకు అమ్మారు. ఆ తర్వాత గట్టు మీద నిలబడి చూస్తే ఆ ఒక్క చెక్కా మోకాలి లోతు దిగిపోయి కనిపించేది. వానాకాలం నీళ్లన్నీ అందులోకే చేరేవి. చుట్టూ వరి ఏపుగా ఉంటే అక్కడ మాత్రం పాలిపోయి, జానెడు పొట్టిగా ఉండేది. ఆ పైమట్టితోనే మేం ఇటుకలు కాల్చాం, ఆ డబ్బుతోనే నేను డిగ్రీ చదివాను. ఈ పనిలోకి నేను రావడానికి అసలు కారణం ఆ చేను.

థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకలు చేసేవాళ్లు కనీసం 25 శాతం బూడిద కలపాలని కేంద్ర ప్రభుత్వం 1999లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. తర్వాత ఆ పరిధిని 100కి, 2016లో 300 కిలోమీటర్లకి పెంచారు. అంతకంటే ముందే విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి తెచ్చారు. బట్టీలో బొగ్గు కాల్చే పని తప్పింది కాబట్టి అలాంటి చిన్న యూనిట్ల కార్బన్ క్రెడిట్లను, అంటే తగ్గిన కాలుష్యానికి లెక్కగట్టి ఇచ్చే పత్రాలను, ప్రపంచ బ్యాంకు ఫండ్ ఒకటి కొన్నది కూడా. ఇది మన దగ్గర పుట్టిన పని. నాకది గర్వంగా ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. చిన్న యూనిట్లు పెట్టేవాళ్లకి సబ్సిడీతో బ్యాంకు లోన్ ఇప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం పీఎంఈజీపీలో నేను లోన్ తీసుకున్నాను. ఊళ్లో యూనిట్ పెట్టే ఆడవాళ్లకి 35 శాతం సబ్సిడీ, మనం పెట్టాల్సింది 5 శాతం. తయారీ యూనిట్లకి ప్రాజెక్టు ఖర్చు అప్పట్లో 25 లక్షల దాకా ఒప్పుకునేవారు, 2022 నుంచి 50 లక్షలు. కానీ సబ్సిడీ మన చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, తర్వాత అప్పులో జమ అవుతుంది. చాలామంది ఆ డబ్బు చూసుకుని దిగుతారు, మొదటి ఏడాదిలోనే ఇరుక్కుంటారు.

ప్రాజెక్టు రిపోర్టులో మిషన్ రేటు, కరెంటు, కూలీ అన్నీ రాశారు. రాయనిది 21 రోజులు. ఇటుక ప్రెస్‌లో నుంచి వచ్చాక గట్టిపడడానికి 21 రోజులు తడుపుతూ ఆగాలని మా యార్డు లెక్క. రోజుకి 8,000 ఇటుకలు, ఒక్కోదానికి నాకయ్యే ఖర్చు ఐదు రూపాయలు. అంటే ఎప్పుడు చూసినా యార్డులో 1,68,000 ఇటుకలు, 8 లక్షల 40 వేల రూపాయలు నీళ్లు తాగుతూ కూర్చుంటాయి. అవి అమ్మాక బిల్డర్ డబ్బివ్వడం ఇంకో ఆలస్యం. చిన్న పరిశ్రమలకి ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో చెల్లించాలని చట్టం ఉంది. నాకు మాత్రం 90 రోజులు మామూలే.

2018 మే నెలలో ఈ టెన్షన్ తట్టుకోలేక తొమ్మిది రోజులే తడిసిన సరుకు లోడు చేయించాను. జీతాలివ్వాలి, వాయిదా కట్టాలి, కొనే పార్టీ తొందరపెడుతున్నాడు. మూడో రోజు సైటు నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి తాపీ మేస్త్రి ఒక ఇటుక చేతిలో పట్టుకుని నా కోసమే చూస్తున్నాడు. మేకుతో దాని మీద గీశాడు. గోధుమపిండిలా పొడి రాలింది. ఇంకో రెండు తీసుకుని ఒకదానికొకటి కొట్టాడు. ఖంగుమనాల్సినవి 'టప్' మన్నాయి, ఒకదాని మూల ఊడి కింద పడింది. "అమ్మా, ఇవింకా పచ్చిగానే ఉన్నాయి. నేను కట్టను" అన్నాడు. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. 6,000 ఇటుకలు వెనక్కి తెచ్చుకున్నాను. దానికంటే పెద్ద దెబ్బ ఏమిటంటే, "బూడిద ఇటుకలు నిలవవు" అని ఆ వీధంతా అనుకున్నారు. నేను చేసిన తప్పుకి జిల్లాలో యూనిట్లన్నిటికీ చెడ్డపేరొచ్చింది. అక్కడ మళ్లీ ఒక లోడు దింపడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అప్పటి నుంచి ప్రతి వరస మీదా సుద్దతో తేదీ రాయిస్తున్నాను. కొనేవాళ్లెవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఆ తేదీలు చూసే మంగళగిరిలో అపార్ట్‌మెంట్లు కట్టే ఒకాయన మా దగ్గర తీసుకోవడం మొదలుపెట్టారు. ఆయన బిల్డింగుకి గ్రీన్ రేటింగ్, అంటే పర్యావరణానికి హాని తక్కువ చేసే కట్టడమన్న గుర్తింపు, కావాలి. అందుకని బూడిద ఎంత శాతం, సైటు ఎన్ని కిలోమీటర్లు, ల్యాబ్ టెస్టులో బలం ఎంత అని లెటర్‌హెడ్ మీద రాసిమ్మన్నారు. హైదరాబాద్‌లో పరిశ్రమల సంఘం సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్ బిల్డింగుకి 2004 నాటికే, అమెరికా బయట మొట్టమొదటగా, లీడ్ అనే అమెరికా గ్రీన్ రేటింగులో అన్నిటికంటే పైదైన ప్లాటినం వచ్చిందని ఆయన చెప్తేనే నాకు తెలిసింది. ఆ రేటింగుల మాట కొండపల్లి యార్డు దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది. కానీ వచ్చింది. గ్రీన్ బిల్డింగ్ డబ్బు మన ప్రాంతంలో నిలవాలంటే ఇలా యార్డుల దాకా, మేస్త్రీల దాకా రావాలి. 2025 సెప్టెంబరులో సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, దాంతో మాకూ కాస్త ఊపిరి ఆడుతోంది.

  

నిన్న రాత్రి మా మేనల్లుడికి ఫోన్ చేశాను. "రెండో మిషన్‌కైతే నీ డబ్బు వద్దు నాన్నా. మిషన్ పెరిగితే పచ్చి సరుకు పెరుగుతుంది, దాన్ని తొందరగా అమ్మాలనే ఆశ కూడా పెరుగుతుంది. యార్డు మీద షెడ్డు వేయడానికి, నీళ్ల ట్యాంకుకి, ఇంకో 21 రోజుల సరుకు నిలబెట్టడానికి అయితే తీసుకుంటాను" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ సుద్ద తేదీలు చూపించు అత్తా" అన్నాడు.