ఫ్రిజ్ పైన క్యాబేజీ, ఫ్రిజ్ లోపల లెట్యూస్

క్యాబేజీ చలికాలపు పంట కదా, గింజకి కూడా చలే ఇష్టమేమో అనుకున్నాను. మొదటి ఏడాది ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల వెతికి మరీ ట్రే పెట్టాను. పది రోజులు చూశాను, చలనం లేదు. గింజలు పుచ్చిపోయాయని తిట్టుకుంటూ ట్రే బోర్లించేశాను. నిజానికి ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే మొలిచేవే. 10 డిగ్రీల దగ్గర క్యాబేజీ మొలవడానికి రెండు వారాలు పడుతుంది, అదే 25 డిగ్రీల దగ్గర మూడు నాలుగు రోజులు చాలు. మొక్కకి చల్లదనం కావాలి గానీ, గింజకి ముందు వెచ్చదనం కావాలి. ఇది తెలియడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

మరుసటి ఏడాది ట్రేని మా పాత ఫ్రిజ్ పైకెక్కించాను. అక్కడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. మూడో రోజు సాయంత్రం చూస్తే ఏమీ లేదు. తర్వాత వేరే పనుల్లో పడి మర్చిపోయాను. ఐదో రోజు పొద్దున దించి చూస్తే వేలెడు పొడుగు తెల్లటి కాడలు, చివర పసుపు రంగు బుల్లి ఆకులు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయి ఉన్నాయి. చీకట్లో మొలిచి, వెలుతురు ఎక్కడుందో వెతుక్కుంటూ ఉన్న బలమంతా పొడుగు సాగడానికే ఖర్చు పెట్టేశాయి. వాటిని చిన్న కుండీల్లోకి మార్చి, తొలి రెండాకుల కింది దాకా కాడని మట్టిలో పూడ్చాను. క్యాబేజీ జాతి నారు దీనికి ఓర్చుకుంటుంది. సగం బతికాయి.

అందుకే ఇప్పుడు మూడో రోజు నుంచి పొద్దునా సాయంత్రం స్టూల్ ఎక్కి చూస్తున్నాను. ఒక్క మొలక మెడ వంచుకుని పైకి వచ్చిందా, మిగతావాటి కోసం ఎదురు చూడకుండా ట్రే కిందికి దిగాల్సిందే. అక్కడి నుంచి లెక్క తిరగబడుతుంది: వెచ్చదనం తగ్గాలి, వెలుతురు పెరగాలి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే నారు పొట్టిగా, గట్టిగా ఎదుగుతుంది. కిటికీ దగ్గర పెడితే చాలనుకున్నాను కానీ చాల్లేదు, అన్నీ అద్దం వైపు ఒరిగిపోయాయి. మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటే కట్టాను, ఆకులకు నాలుగు వేళ్ల ఎత్తులో. మొక్కలు పెరిగేకొద్దీ లైటు కూడా పైకి జరపాలి. రోజుకి 14 నుంచి 16 గంటలు వెలుగుతుంది. "పాపం, వాటికి నిద్ర వద్దా?" అన్నారు మా ఆయన. రాత్రి పది గంటలకి టైమరే ఆపేస్తుందని చెప్పినా ఆయన నమ్మలేదు, వెళ్లి చూసి వచ్చారు.

ఫ్రిజ్ పైభాగం బాగా కలిసొచ్చిందని లెట్యూస్ (సలాడ్‌లో పచ్చిగా తినే ఆకుకూర) గింజలనూ అక్కడే పెట్టాను. ఒక్కటీ మొలవలేదు! దీని తీరు క్యాబేజీకి పూర్తిగా ఎదురు. వేడి 30 డిగ్రీలకు చేరువవుతుంటే లెట్యూస్ గింజ చావదు కానీ మొలవకుండా మొండికేసి కూర్చుంటుంది. పైగా చాలా రకాలకు మొలవడానికే వెలుతురు కావాలి. నేనేమో శ్రద్ధగా అర అంగుళం మట్టి కప్పాను. ఇప్పుడు తడి టిష్యూలో చుట్టి ఒక రోజు ఫ్రిజ్ లోపల పెట్టి, తర్వాత మట్టి పైన చల్లి వేలితో ఊరికే అద్దుతాను. రెండు మూడు రోజుల్లో పచ్చగా లేస్తాయి.

క్యారెట్, ముల్లంగి జోలికి మాత్రం ఇంట్లో పోను. వాటిలో మనం తినేది వేరు భాగాన్నే, దాన్ని ట్రేలోంచి పీకి నాటితే వంకరలు తిరుగుతుంది. నేరుగా మడిలో చల్లడమే నయం.

నీళ్ల దగ్గర నా చెయ్యి ఆగదు, ఒప్పుకుంటున్నాను. ఒకసారి రాత్రి నిలబడి ఉన్న నారు తెల్లారేసరికి నేలకి వాలిపోయింది. మట్టిని ఆనుకున్న చోట కాడ దారంలా సన్నబడి ఉంది. నారుకుళ్లు. తడి ఎక్కువై, గాలి ఆడకపోతే శిలీంధ్రాలు అక్కడే కాటేస్తాయి. పడిన మొలక మళ్లీ లేవదు. అప్పటినుంచి కింద పళ్లెంలో నీళ్లు పోస్తున్నాను, ట్రే అడుగునుంచి పీల్చుకుంటుంది. అరగంట తర్వాత మిగిలినవి పారబోస్తాను. పక్కన ఒక బుల్లి ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, ఆ ఊపుకి కాడలు కూడా గట్టిపడ్డాయి.

ఇక కాలీఫ్లవర్. దీన్ని ఆలస్యం చేసి నాటితే ఊరుకోదు. నాలుగైదు వారాలకు నాటాల్సిన నారుని, మడి సిద్ధం కాలేదని ట్రేలోనే రెండు నెలలు ఉంచేశాను. వేర్లు గుంతలోనే చుట్టలు చుట్టుకున్నాయి. నాటాక మొక్క పెరగకుండానే పువ్వు వేసింది, చొక్కా గుండీకంటే కాస్త పెద్దది. అంతే, ఇక పెరగలేదు. ఇప్పుడు మడి తవ్వాకే గింజ నానేస్తున్నాను. నాటే ముందు వారం పది రోజులు నారుని బయటి గాలికి, ఎండకి అలవాటు చేస్తాను. మొదటి రోజు నీడలో ఒక గంట, తర్వాత రోజూ కొంచెం కొంచెం పెంచుతూ.

ఈ ఏడాది నారు అద్భుతంగా ఉంది, ఒక్క చిక్కు తప్ప. పేర్లు స్కెచ్‌పెన్‌తో రాశాను, నీళ్లు తగిలి చెరిగిపోయాయి. పెన్సిల్‌తో రాస్తే పోదని ముందే తెలుసు, కానీ ఆ పూట పెన్సిల్ కనబడలేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ గింజలు ఒకేలా ఉంటాయి, వాటి తొలి రెండాకులూ ఒకేలా గుండె ఆకారంలో ఉంటాయి. ప్రస్తుతం నా దగ్గర పేరు లేని మొక్కలు పద్దెనిమిది ఉన్నాయి. మా ఆయన ఒక్కోదాన్నీ చూసి ధైర్యంగా "ఇది బ్రోకలీ" అంటున్నారు. పద్దెనిమిదింటినీ అలాగే అన్నారు.