ఒకే రైలు దారి మీద ప్రకాశం పంతులు: ఒంగోలు, రాజమండ్రి, మద్రాసు, ఢిల్లీ

లండన్‌లో చదివిన మూడేళ్ళు పక్కన పెడితే, టంగుటూరి ప్రకాశం పంతులు వకీలు జీవితమంతా ఒకే రైలు దారి మీద గడిచింది. అదే మద్రాసు–హౌరా లైను. ఒంగోలు నుంచి పైకి సుమారు 290 కిలోమీటర్లు వెళ్తే రాజమండ్రి, కిందికి దాదాపు అంతే దూరం వెళ్తే చెన్నై. ఆయన పెరిగిన ఊరు రెంటికీ నడుమ ఉంది. వరుస తప్పకుండా చూడాలంటే ఒంగోలు, రాజమండ్రి, చెన్నై, చివర ఢిల్లీ. మేం అలాగే వెళ్ళాం. చెన్నైతో మొదలుపెడితే మాత్రం విగ్రహాలూ రోడ్ల పేర్లే కనిపిస్తాయి. ఒక్కో మెట్టు ఆయన ఎలా ఎక్కాడో అంతుపట్టదు.

కాలం జాగ్రత్తగా ఎంచుకోవాలి. మే నెలలో మద్రాసు హైకోర్టుకు వేసవి సెలవులు, ఒంగోలులో ఎండ నిప్పులు చెరుగుతుంది. డిసెంబరు ఆఖరి వారం క్రిస్మస్ సెలవులు, ఆ వెనకే పొంగల్. అందుకని జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా అనువైన రోజులు. చెన్నైలో దిగేది పనిదినం అయ్యేట్టు టికెట్లు చేయించుకోవాలి. శనాదివారాల్లో వెళ్తే నల్లకోటు ఒక్కటీ కనబడదు.

వినోదరాయునిపాలెం నాగులుప్పలపాడు మండలంలో ఉంది, ఒంగోలుకు సుమారు 26 కిలోమీటర్లు. ఆయన 1872 ఆగస్టు 23న పుట్టింది అక్కడే. బస్సు కోసం చూస్తే పూట గడిచిపోతుంది, రానూపోనూ ఆటో మాట్లాడుకోవడం మేలు. ఊరి పేరు చెబితే ఒకటికి రెండుసార్లు అడిగిన ఆటో అతను, "ప్రకాశం పంతులుగారి ఊరు" అనగానే "అట్టా చెప్పండి మరి, ఎక్కండి" అన్నాడు. దారి పొడుగునా పొగాకు చేలు, ఆకు ఆరబెట్టే బారన్లు. మంచినీళ్ళు, టిఫిను ఒంగోలులోనే చూసుకుని బయల్దేరాలి.

అసలు కథ ఒంగోలు పట్నంలోది. ప్రకాశానికి పదకొండేళ్ళప్పుడు తండ్రి గోపాలకృష్ణయ్య పోయాడు. తల్లి సుబ్బమ్మ పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు నడిపింది. డబ్బులు తీసుకుని అన్నం పెట్టడాన్ని ఆ రోజుల్లో చిన్నచూపు చూసేవాళ్ళు. ఆ రాబడి చాలక కుర్రాడు రోజుకో ఇంట్లో భోంచేస్తూ వారాలు చేసుకున్నాడు. మూడు రూపాయల పరీక్ష ఫీజు కట్టడానికి సుబ్బమ్మ పట్టుచీర తాకట్టుకు వెళ్ళింది. హైకోర్టులో వేలు సంపాదించిన బారిస్టరును తలుచుకునేటప్పుడు నాకు ముందుగా కళ్ళముందు ఆడేది ఆ చీరే. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాణ్ణి చేరదీసి రాజమండ్రికి తీసుకుపోకపోతే ఈ యాత్రకు తర్వాతి మజిలీ ఉండేదే కాదు.

అప్పటికి ఈ రైలు దారి లేదు. బెజవాడ నుంచి మద్రాసుకు రైలు కలిసింది 1899లో. అంతకుముందు ఈ కోస్తా జనానికి బకింగ్‌హామ్ కాలువే రహదారి. ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళ్ళే దారిలో ఆ కాలువ దాటతాం. ఒక్క నిమిషం ఆటో ఆపించి చూడండి. ఇప్పుడు పడవలు లేవు గానీ, ఆనాటి ప్రయాణం ఎంత నెమ్మదిగా సాగేదో ఆ నీళ్ళను చూస్తే అర్థమవుతుంది.

రాజమండ్రికి పగటి రైలే ఎక్కండి, ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి. కృష్ణ దాటేటప్పుడు 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ అటుపక్కే కనిపిస్తుంది. అది తెరిచింది 1957 డిసెంబరులో. ఆయన కన్నుమూసి అప్పటికి ఏడు నెలలు.

గోదావరి జిల్లాకు కలెక్టరు కాకినాడలో, జిల్లా జడ్జి రాజమండ్రిలో ఉండేవారు. కోర్టు ఎక్కడుంటే వకీళ్ళు అక్కడ. ప్రకాశం మద్రాసులో ప్లీడరీ చదివి, కొన్నాళ్ళు ఒంగోలులో పనిచేసి, రాజమండ్రికి మకాం మార్చింది అందుకే అనుకోవచ్చు. ఆనాటి ప్లీడర్లలో తరగతులు ఉండేవి. ఆయన పాసైంది రెండో తరగతి ప్లీడరీ. కింది కోర్టుల్లో ఎంత పేరు తెచ్చుకున్నా, కేసు అప్పీలుకు పోతే ఆ కాగితాల కట్ట ఇంకొకరి చేతిలో పెట్టాల్సిందే. చేతినిండా కేసులు, పలుకుబడి, ముప్ఫై ఏళ్ళ ప్రాయంలోనే మునిసిపల్ చైర్మన్ పదవి ఉన్నా హైకోర్టు గడప మాత్రం మూసే ఉంది. రాజమండ్రిలో చాలామంది గోదావరి గట్టు చూసి వెనక్కి వస్తారు. పొద్దున పదిన్నరకు కోర్టుల దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడితే ఈ సంగతి ఇంకా బాగా తలకెక్కుతుంది. కక్షిదారులు, గుమాస్తాలు, వాయిదా పిలుపులు ఈనాటికీ ఉన్నాయి. ప్లీడర్ల తరగతులు మాత్రం లేవు, 1961 అడ్వొకేట్ల చట్టం అందర్నీ ఒకే వరుసలోకి తెచ్చింది.

ఆ గడప దాటడానికి, ఒక బారిస్టరు సలహా మీద, బారిస్టరీ చదవాలని ఆయన 1904లో లండన్ ఓడెక్కాడు. మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చాడు. ఆ మాట నిలుపుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే బారిస్టరీ పద్ధతి తెలియాలి. పరీక్షలు పాసైతే సరిపోదు, 'ఇన్' అనే బారిస్టర్ల సంస్థలో చేరి పన్నెండు టెర్ములు పూర్తి చేయాలి. ఏడాదికి నాలుగు టెర్ములు, అంటే మూడేళ్ళు. టెర్ముకు ఆరు భోజనాలకైనా హాజరు కావాలి, ఆ భోజనాల్లో ద్రాక్షసారా, మాంసం మామూలే. అక్కడున్నప్పుడు బ్రిటిష్ పార్లమెంటుకు దాదాభాయి నౌరోజీ పోటీచేసిన ఎన్నికలో కూడా పనిచేశాడు. తిరిగొచ్చింది 1907లో.

ఇక మద్రాసు. రైలు ఒంగోలు దాటాక టంగుటూరు స్టేషను వస్తుంది, ఆయన ఇంటిపేరున్న పసుపు బోర్డు క్షణంలో వెనక్కి పోతుంది. చాలా ఎక్స్‌ప్రెస్‌లు ఆగవు, ఫోటో కావాలంటే ఒంగోలు దాటిన దగ్గర్నుంచే ఫోను చేతిలో పెట్టుకోవాలి. చెన్నై సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే హైకోర్టు.

1892లో ప్రారంభమైన ఎర్ర ఇటుకల భవనం అది. దాని పెద్ద బురుజు మీద 1894 నుంచి 1977 దాకా దీపస్తంభం వెలిగింది. గేటు దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు, ఫోటోకాపీ పనికిరాదు, అసలు కార్డే పట్టుకెళ్ళండి. పని ఏమిటో కూడా చెప్పాలి. కోర్టు హాళ్ళలో ఫోను మూసెయ్యాలి, ఫోటోలు నిషిద్ధం. ఆవరణలో 1914 సెప్టెంబరు 22న జర్మన్ యుద్ధనౌక ఎండెన్ పేల్చిన ఫిరంగి గుళ్ళ గుర్తుగా ఒక ఫలకం ఉంది. అప్పటికి ప్రకాశం ఇక్కడ బాగా నిలదొక్కుకున్నాడు. సివిలూ క్రిమినలూ రెండూ వాదించేవాడు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్ హత్య కేసులో ముద్దాయిల్లో ఒకరి తరఫున నిలబడ్డాడు. న్యాయవాదుల పత్రిక ఒకటి నడిపాడు. 1907లో బెంగాల్ జాతీయవాద నాయకుడు బిపిన్ చంద్ర పాల్ వచ్చినప్పుడు ఆయన సభకు అధ్యక్షత వహించడానికి పెద్దలు జంకితే, అప్పుడే ప్రాక్టీసు పెట్టిన ఈ కొత్త బారిస్టరు ముందుకొచ్చాడు.

1921లో వకాల్తాలన్నీ వదిలేశాడు. 'స్వరాజ్య' పత్రికను ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషల్లో నడిపి, ఈ ఆవరణలో గడించినదంతా అందులో పోశాడు. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం అదే. ఆ తర్వాత 1928లో తుపాకీ ముందు నిలబడింది కొన్ని నిమిషాల ధైర్యం. ప్రాక్టీసు వదిలేయడమంటే ప్రతి నెలా ఒకటో తారీకున ఎదురయ్యేది.

ఆ తుపాకీ సంఘటన జరిగింది కోర్టు బయట, ప్యారీస్ కార్నర్ దగ్గర. గేటు నుంచి నాలుగడుగులు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్‌కు నిరసనగా హర్తాళ్. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. శవాన్ని చూడనివ్వకుండా పోలీసులు తుపాకులు అడ్డుపెడితే, ప్రకాశం చొక్కా తీసి గుండె చూపాడు. దారి ఇచ్చారు. ఆంధ్రకేసరి అన్న పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. చాలామంది మరిచేది ఒకటుంది. ఆ రోజు ఆ రోడ్డు మీద నిలబడిన మనిషి కేంద్ర శాసనసభ సభ్యుడు. 1926 ఎన్నికల్లో గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి గెలిచి ఢిల్లీ వెళ్ళినవాడు. పక్కనున్న బ్రాడ్‌వేకు ఇప్పుడు అధికారికంగా ప్రకాశం సాలై అని పేరు. బస్సు కండక్టర్‌ను మాత్రం బ్రాడ్‌వే అనే అడగండి.

ఢిల్లీకి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే అదే లైను మీద విజయవాడ దాకా వెళ్ళి అక్కడ విడిపోతాం. ఢిల్లీలో సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రోలో దిగి నడవాలి. 144 స్తంభాల గుండ్రటి పాత పార్లమెంటు, ఇప్పటి సంవిధాన్ సదన్, పాసు లేనివాళ్ళకు బయటినుంచే దర్శనం. ఎక్కువసేపు నిలబడితే కాపలావాళ్ళు కదలమంటారు. ఆ భవనం 1927 జనవరి 18న ప్రారంభమైంది. అందులో కూర్చున్న మొదటి సభ ప్రకాశం ఉన్న సభే.

145 మంది సభ్యులు, అందులో ఎన్నికైనవాళ్ళు 104. ఓటు హక్కు ఆస్తిపాస్తులున్న కొద్దిమందికే. సభ ఒక బిల్లును తోసిపుచ్చినా గవర్నర్ జనరల్ తన సంతకంతో చట్టం చేసేయొచ్చు. వాదనలో నెగ్గినా తీర్పు అవతలివాడి చేతిలో ఉండే కోర్టు లాంటిదది. 1928లో, విదేశీ కమ్యూనిస్టులను దేశం నుంచి పంపేయడానికి సర్కారు తెచ్చిన పబ్లిక్ సేఫ్టీ బిల్లుకు ఓట్లు సరిసమానంగా పడితే, సభాపతి విఠల్‌భాయి పటేల్ ఒక్క ఓటు దాన్ని ఓడించింది. మరుసటి ఏడాది సర్కారు అదే సంగతిని ఆర్డినెన్సుగా తెచ్చింది. 1930లో ప్రకాశం రాజీనామా చేసి ఉప్పు సత్యాగ్రహానికి దిగాడు. మళ్ళీ ఈ భవనంలోకి వచ్చింది రాజ్యాంగసభ సభ్యుడిగా.

నడిమి కాలంలో, 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రిగా జమీందారీ భూముల విచారణ కమిటీకి ఆయన పెద్ద. భూమి మీద హక్కు రైతుదేనని ఆ కమిటీ తేల్చింది. ప్లీడరుగా ఏళ్ళ తరబడి దావా కాగితాలు తిరగేసిన అనుభవం అందులో పనికొచ్చి ఉంటుందనే నా నమ్మకం.

ఇంకో రెండు రోజులుంటే గుంటూరు, కర్నూలు కలుపుకోండి. ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రిగా ఆయన ఉండగానే 1954 జులై 5న గుంటూరులో హైకోర్టు మొదలైంది. రాజధాని కర్నూలులో అదే ఏడాది నవంబరులో, మద్యనిషేధం వివాదం మీద ఆయన ప్రభుత్వం పడిపోయింది. తేడా ఒక్క ఓటు. అప్పటికి ఆయనకు 82 ఏళ్ళు.