అమ్మ ప్రార్థనలో ఇంకో బిడ్డ

డాలస్‌లో ఉన్న తమ్ముడూ మరదలూ ఇక్కడి బిడ్డను దత్తత తీసుకుంటామన్న దగ్గర్నుంచి, సికింద్రాబాద్‌లో అమ్మ ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పేరు తెలియని ఆ బిడ్డ కోసం మోకరించేది.

దానికి కారణం మా పిన్ని. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద పిన్ని తాను పెంచుకున్న బిడ్డకు సంరక్షకురాలు మాత్రమే కాగలిగింది. గుండెలమీద పెంచినా కాగితం మీద అమ్మ కాదు. నాకిది ఇప్పటికీ అన్యాయమనే అనిపిస్తుంది. బాల న్యాయ చట్టం 2000లో వచ్చి, 2006లో సవరించాకే ఏ మతంవాళ్లకైనా పూర్తి తల్లిదండ్రులయ్యే దారి దొరికింది.

తమ్ముడికి అమెరికాలో హోమ్ స్టడీ (ఇల్లూ కుటుంబమూ బిడ్డకు తగినవేనా అన్న పరిశీలన), ఇక్కడ దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా నిరభ్యంతర పత్రం, చివరికి కలెక్టర్ దత్తత ఉత్తర్వు. 2022 వరకూ అది కోర్టు ఇచ్చేది.

పాప చేతికొచ్చాక అమ్మ అంది: "మోషేను పెంచిన ఇల్లు కూడా దేవుడు చూపించిందే నాన్నా."

నిజమే. బైబిల్లో మోషేను ఫరో కూతురు పెంచుకుంది. కానీ మోషేను కన్నతల్లి యోకెబెదు కూడా ఉంది కదా. మా పాపను కన్న ఆమె కోసమూ రోజూ ప్రార్థిస్తున్నాం. ఊహ తెలిశాక పాపకు ఆమె గురించి దాచొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను.