లా డిగ్రీ ఉంటే మంచిదట

పడుకుందామనే అనుకున్నాను. సాయంత్రం వాట్సాప్‌లో వచ్చిన ఒక ఉద్యోగ ప్రకటన గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. తక్కువ ఫీజుకి న్యాయసహాయం చేసే స్వచ్ఛంద సంస్థ ఒకటి, పేరు వద్దులెండి, డైరెక్టర్ కోసం వెతుకుతోంది. నిధుల సేకరణలో పదేళ్ల అనుభవం తప్పనిసరి. కంపెనీల సీఎస్ఆర్ విభాగాలతో, అంటే సామాజిక సేవకి డబ్బిచ్చే విభాగాలతో, పరిచయాలు తప్పనిసరి. రిపోర్టులు ఇంగ్లిష్‌లో గడగడా రాయగలగాలి. అన్నిటికన్నా కింద, ఆఖరి వరసలో: లా డిగ్రీ ఉంటే మంచిది.

ఉంటే మంచిదట!

మా ఆయనకి చదివి వినిపిస్తే "అయితే నీకేంటి" అని అటు తిరిగి పడుకున్నారు. ఆయన సంగతి మీకు కొత్తేం కాదు. అందుకే ఇక్కడ టైపు చేస్తున్నాను.

అసలు ఇలాంటి సంస్థ గడప ఎవరు తొక్కుతారో ముందు చూడాలి. నిరుపేదలకి ప్రభుత్వ న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్లకి, పిల్లలకి, దివ్యాంగులకి, జైల్లో ఉన్నవాళ్లకి లాయరూ కోర్టు ఫీజూ అన్నీ ఉచితం. వీళ్లకి ఆదాయంతో పనిలేదు. 15100కి ఫోన్ చేస్తే ఎక్కడికెళ్లాలో చెప్తారు. మిగతావాళ్లకి మన రెండు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 3 లక్షల ఆదాయ పరిమితి, అంటే నెలకి 25 వేలు. 28 వేల జీతంతో ఇంటద్దె కట్టి ఇద్దరు పిల్లల్ని చదివించే షోరూమ్ సేల్స్‌మన్ అటు ఉచితానికి పనికిరాడు, ఇటు బయట లాయరు చెప్పే ఫీజుకి తూగడు. తక్కువ ఫీజు సంస్థ అనేది ముఖ్యంగా అతని కోసం. ఉచితానికి అర్హత ఉన్నావిడ వస్తే, "అమ్మా, నువ్వు మాకు రూపాయి ఇవ్వక్కర్లేదు, పక్క బిల్డింగ్‌లో కాగితం పెట్టుకో" అని చెప్పి పంపడం నాయకత్వంలో ఉన్నవాళ్లు నేర్పాల్సిన మొదటి పాఠం. చాలాచోట్ల నేర్పరు. నెలాఖరు లెక్కలో ఒక పేరు తగ్గిపోతుందిగా.

ఇక డబ్బు సంగతి. లాయర్లకి కట్టుబాట్లు పెట్టే బార్ కౌన్సిల్ నియమాలు తెలియని మనిషి ఈ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో చెప్తాను. లాయరు తన ఫీజుని లాయరు కానివాళ్లతో పంచుకోకూడదు. అంటే సంస్థ క్లయింటు దగ్గర పదివేలు తీసుకుని, ఆరువేలు లాయరుకిచ్చి నాలుగు వేలు ఆఫీసు ఖర్చుకి ఉంచుకుంటే రేపు ఆ లాయరు మెడకే చుట్టుకుంటుంది. ఫుల్‌టైమ్ జీతానికి చేరిన లాయరు ప్రాక్టీసు చెయ్యకూడదు. గెలిస్తే వచ్చినదాంట్లో ఇంత పర్సంటేజీ అని మాట్లాడుకోకూడదు. పేరూ ఫొటో వేసి ప్రచారం చేసుకోకూడదు. కాబట్టి ప్యానెల్, అంటే జీతానికి కాక ఫీజుకి పనిచేసే బయటి లాయర్ల జాబితా, పెట్టుకోవాలి, లాయరు ఫీజుకి రసీదు లాయరే ఇవ్వాలి, సంస్థ తన రిజిస్ట్రేషన్ రుసుము వేరే రసీదు మీద తీసుకోవాలి, కరపత్రంలో లాయర్ల పేర్లు లేకుండా చూసుకోవాలి. నాకు తెలిసిన ఇలాంటి సంస్థలో, నిధులు బాగా తెచ్చే పెద్దమనిషి ఒకాయన డైరెక్టరుగా వచ్చీ రాగానే చేసిన పని, ప్యానెల్ లాయర్లందరి ఫొటోలతో ఫ్లెక్సీ కొట్టించడం. మర్నాడు పొద్దున్నే ముగ్గురు లాయర్లు పరుగెత్తుకొచ్చి దాన్ని దింపించారు.

ఆయనకి ముందు ఆ కుర్చీలో ఉన్న పెద్దమేడమ్ ఉండుంటే ఆ ఫ్లెక్సీ ప్రెస్సుకే వెళ్లేది కాదు.

ఆవిడ పద్ధతి గుర్తొస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. టేబుల్ మీద కంప్యూటర్ ఉన్నా, పొడుగాటి అట్ట పుస్తకం ఒకటి ఎప్పుడూ తెరిచే ఉండేది. తేదీల పుస్తకం. మూడే గడులు: కాగితం అందిన తేదీ, గడువు తీరే తేదీ, ఫైలు ఎవరి చేతిలో ఉంది. వచ్చినవాళ్లు బావమరిది పెళ్లి దగ్గర్నుంచి కథ ఎత్తుకుంటారు కదా. ఆవిడ చెయ్యి చాచి "కవరేదయ్యా?" అనేవారు. సమన్లు, నోటీసు జాగ్రత్తగా తెస్తారు, కవరు మాత్రం చెత్తబుట్టలో వేసి వస్తారు. పోస్టాఫీసు ముద్ర ఉండేది దాని మీదే. ముద్ర అలుక్కుపోయి ఉంటే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వాలుగా పట్టుకుని చూసేవారు. దొరికిన తేదీని పుస్తకంలో రాసి, కవరుని ఫైలుకి స్టేపుల్ చేసేవారు. జిగురుతో అంటిస్తే వెనకవైపు ముద్ర పోతుందని ఆవిడ పట్టు.

ఒకసారి చేబదులు తాలూకు చెక్కు బౌన్సయిన మనిషి వచ్చాడు. లక్షన్నర. బ్యాంకు ఇచ్చిన రిటర్న్ మెమో అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు నోటీసు పంపాలి. నోటీసు అందాక అవతలివాడికి 15 రోజుల టైము, అప్పటికీ కట్టకపోతే ఆపైన నెలలోపు మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైతే కారణం చూపించి కోర్టుని బతిమాలుకోవచ్చు. నోటీసు ఆలస్యమైతే మాత్రం కుదరదు. ఇతను వచ్చేసరికి 34 రోజులయ్యాయి. అప్పటికే ఇద్దరు లాయర్లు పెదవి విరిచారట. మేడమ్ వేళ్ల మీద లెక్కపెట్టి, "చెక్కు మీద తేదీ ఎంత?" అన్నారు. చెక్కు చెల్లే మూడు నెలలు నిండటానికి ఇంకా పదకొండు రోజులుంది. "పోయి మళ్లీ బ్యాంకులో వెయ్యి. మళ్లీ బౌన్సయితే కొత్త మెమో, కొత్త 30 రోజులు. మెమో చేతికొచ్చిన రోజే నా దగ్గరుండాలి." రెండోసారి వేసిన చెక్కు మీద కూడా కేసు నడుస్తుందని సుప్రీంకోర్టు 2012లోనే తేల్చింది. ఆ సలహాకి ఆవిడ తీసుకున్నది రిజిస్ట్రేషన్ రుసుము మాత్రమే.

సివిల్ సమన్లయినా అంతే. జవాబు దాఖలుకి 30 రోజులు, జడ్జి దయతలిస్తే 90 దాకా. తీర్పు వచ్చిన రోజే నకలుకి అప్లికేషన్ పెట్టించేవారు, ఎందుకంటే నకలు తయారవడానికి పట్టే రోజులు అప్పీలు గడువులోంచి మినహాయిస్తారు. పెట్టకుండా ఊరుకుంటే ఒక్క రోజు కూడా మినహాయింపు లేదు. ఇవన్నీ తెలిసిన మనిషికి ఆ ప్రకటనలో ఆఖరి వరసా?

అని ఇంత రాశాక ఇంకో సంగతి అడ్డొస్తోంది. మేడమ్ ఉన్నన్నాళ్లూ కేసులు ఎంత బాగా నడిచాయో, ఖాతాలు అంత అధ్వానంగా నడిచాయి. విదేశీ నిధులు తీసుకునే సంస్థ ఏటా ఎఫ్‌సీ-4 రిటర్ను, అంటే ఆ నిధుల లెక్క, డిసెంబరు 31 లోపు పెట్టాలి. ఆవిడకి అది గుమాస్తా పని. విదేశీ నిధుల చట్టానికి 2020లో వచ్చిన సవరణతో, ఆ నిధుల్లోంచి పెట్టగల పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి పడిపోయినప్పుడు అసలు తంటా మొదలైంది. నిబంధనల్లో పరిపాలన ఖర్చు అంటే ఏమిటో రాసిన జాబితాలో "లీగల్ అండ్ ప్రొఫెషనల్ చార్జీలు" ఉన్నాయి. మినహాయింపుకి ఉదాహరణలుగా ఆస్పత్రి డాక్టర్ల జీతాలు, బడి టీచర్ల జీతాలు చెప్పారు, లాయరు ఊసు లేదు. న్యాయసహాయమే పని అయిన సంస్థకి లాయర్ల ఫీజు పరిపాలన ఖర్చా, పని ఖర్చా? పని ఖర్చే అని ఆడిటర్‌ని ఒప్పించాలంటే ప్రతి చెల్లింపు వెనక కేసు నంబరు, హాజరైన తేదీ, క్లయింటు సంతకం ఉండాలి. మేడమ్ వోచర్ల మీద "కోర్టు పని" అని రెండు ముక్కలు రాసి ఊరుకునేవారు. ఫలితం, ప్యానెల్ లాయర్లకి నెలల తరబడి డబ్బు అందలేదు, మంచివాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు.

కాబట్టి ఆ ప్రకటన రాసినవాళ్లకీ ఏదో దెబ్బ తగిలే ఉంటుంది. అయినా దానికి కావాల్సింది గట్టి అకౌంటెంటు, డైరెక్టరు కుర్చీలో నిధుల వేటగాడు కాదు.

పేరున్న వాళ్లని చూసినా లెక్క ఒక పట్టాన తేలదు. పౌరహక్కుల కోసం పోరాడిన బాలగోపాల్ గారు లెక్కల మాస్టారు, కాకతీయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, తర్వాత నల్లకోటు వేసుకుని హైకోర్టులో వాదించారు. హ్యూమన్ రైట్స్ లా నెట్‌వర్క్ పెట్టిన కాలిన్ గొన్సాల్వెజ్ బొంబాయి ఐఐటీలో సివిల్ ఇంజినీరింగ్ చదివారు. ముంబైలో ఆడవాళ్లకి న్యాయసహాయం చేసే మజ్లిస్ నడిపిన ఫ్లేవియా ఆగ్నెస్ భర్త కొట్టే దెబ్బల్లోంచి బయటపడి, ఆ తర్వాత లా చదివారు. ఎవరూ పుట్టు లాయర్లు కారు. కానీ ముగ్గురూ నేర్చుకుని కోర్టు మెట్లెక్కినవాళ్లే. లా డిగ్రీ ఉంటే మంచిది అని ఊరుకోలేదు.

నన్ను నిజంగా మండించేది డిగ్రీ కూడా కాదేమో. "పరిష్కరించిన కేసులు" అనే గడి. నిధులిచ్చేవాళ్లు అడిగేది ఆ అంకె. అంకె పెరగాలంటే దగ్గరి దారి, రాజీతో కేసులు ముగించే లోక్ అదాలత్. రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, మంచిదే. కానీ లోక్ అదాలత్ అవార్డు మీద, అంటే అక్కడిచ్చిన తీర్పు మీద, అప్పీలు లేదు. నాలుగు లక్షలు రావాల్సినవాడి చేత లక్షన్నరకి సంతకం పెట్టించి, రిపోర్టులో ఒకటి కలుపుకునే డైరెక్టర్లున్నారు. "ఈ కేసు వెయ్యొద్దు, ఖర్చు తప్ప ఏమీ రాదు" అని నిజం చెప్పి పంపిన గంట మాత్రం ఏ గడిలోనూ పడదు. గవర్నింగ్ బాడీలో రిటైర్డ్ పెద్దలుంటారు, ఏడాదికోసారి శాలువా కప్పించుకుని వెళ్తారు. ఆ గడి సంగతి అడిగిన పెద్దమనిషి నాకింతవరకూ తగల్లేదు.

ఈ ఉద్యోగానికి ఎవరు వెళ్తారో గానీ, చేరగానే పాత ప్యానెల్ ఫైళ్లు చూసుకుంటే మంచిది. లాయరు మధ్యలో మానేస్తే, కొత్త లాయరు వకాలతు వెయ్యడానికి పాతాయన నో అబ్జెక్షన్ సంతకం కావాలి. ఫీజు బాకీ ఉందని ఆయన ఫైలు బిగబట్టకూడదు, సుప్రీంకోర్టు 2000లోనే ఆ మాట చెప్పింది. చెప్పినా బిగబడతారు. అందుకని ప్యానెల్లో చేర్చుకునేటప్పుడే ఒప్పందంలో ఆ ముక్క రాయించుకోవాలి, ప్రతి దాఖలు కాగితానికీ ఒక జిరాక్సు ఆఫీసులో ఉంచుకోవాలి. కవరుతో సహా.