ఆక్సిజన్ మోసే సైన్యం

మహమ్మారిలో సైన్యం సాయం అనగానే గుడారాల ఆసుపత్రులే గుర్తొస్తాయి. నా దృష్టిలో అంతకంటే పెద్ద సాయం రవాణా. ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను విమానంలో ప్లాంటుకు చేరుస్తారు. నింపాక మాత్రం రోడ్డు మీదో రైల్లోనో పంపాలి. మైనస్ 183 డిగ్రీల ద్రవ ఆక్సిజన్ మెల్లగా ఆవిరవుతూనే ఉంటుంది, ఆ వాయువు విమానంలో చేరితే అగ్నిప్రమాదమే. ఒకవైపు ప్రయాణమే తగ్గినా, ఆ గంటలు ప్రాణాలతో సమానం.

ఇక వార్డులో లెక్క తప్పకూడదు. 7,000 లీటర్ల సిలిండర్, నిమిషానికి 15 లీటర్లు వాడితే, ఒక్క రోగికి ఎనిమిది గంటలు కూడా రాదు. 60 లీటర్లయితే రెండు గంటల్లోపే ఖాళీ. అందుకే సిలిండర్లు మార్చే జవాన్లకు రాత్రి డ్యూటీ తప్పనిసరిగా వేయాలి. వాల్వు తిప్పే చేతికి నూనె, గ్రీజు అంటితే మంట లేవొచ్చు. వాడకం మితిమీరితే, ద్రవ ఆక్సిజన్‌ను వాయువుగా మార్చే వేపరైజర్ గొట్టాలపై మంచు పేరుకుని సరఫరా పడిపోతుంది. నీళ్లు పోసి కరిగించాలి, సుత్తితో కొట్టకూడదు.