లంకమల గుండానికి పర్మిషన్

లంకమల అడవిలో గుండం ఒడ్డున ఒక్క రాత్రి పడుకోవాలని నాకు మూడేళ్లుగా పిచ్చి. మాది ప్రొద్దుటూరు. పర్మిషన్ రాకముందే గుడారం కొన్నా, అదొక తప్పు. అర్జీలో ‘రాత్రి బస’ అని రాయడం ఇంకా పెద్ద తప్పు.

ఫారెస్టు ఆఫీసులో సారు చదివి నవ్వాడు. "రాత్రిపూట ఆ కొండల్లో తిరిగేది ఎర్రచందనం దొంగలు, లేదంటే వాళ్లను పట్టుకునే మేము. మీరెవరు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పైగా అది అభయారణ్యం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే పోకూడదు, నిప్పు రాజేయకూడదు. 1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ దొరికింది ఈ కడప చిట్టడవుల్లోనే. అది తిరిగేదీ రాత్రిపూటే. ఇంత తెలిసీ గుడారం అడిగినందుకు సిగ్గేసింది.

అర్జీ మార్చా. నలుగురం, పగలు మాత్రమే, పోయే దారి, ఆధార్ జిరాక్సులు. రెండుసార్లు తిరిగాక, అడవి కాపలా చూసే వాచర్ తోడుంటేనే అని ఒప్పుకున్నారు.

డిసెంబరులో సిద్ధవటం వైపు నుంచి ఎక్కాం. మొసలి చర్మంలా పగిలిన బెరడుతో ఎర్రచందనం చెట్లు, కింద ముళ్లు. వంకలో చూస్తే రాళ్లే. నాకు టెన్షన్ మొదలైంది.

"నీళ్లేవన్నా?"

"ఉండాయిలేబ్బా, తేనెటీగలు యాడికి పోతాండాయో చూడు."

అవి పోయిన వైపే కొండచరియ కింద దొన, అంటే బండలో నీళ్లు నిలిచిన గుంట, సత్తు బేసినంత. పక్కన బురదలో ఎలుగు పాదం. ఇంకో గంట నడిస్తే గుండం. రెండు వైపులా నిట్టనిలువు బండ, మధ్యలో నల్లటి ఆకుపచ్చ నీళ్లు, అడుగు కనబడదు. కాళ్లు పెడితే జివ్వుమంది. మావాడొకడు సబ్బు తీస్తే వాచరన్న లాక్కుని జేబులో వేసుకున్నాడు. ఎండాకాలంలో దుప్పులకు ఆ నీళ్లే గతి అట.

మూడు కాగానే లేవమన్నాడు. ఇంకాసేపు అని బతిమాలాం.

"మనం ఈడ కూర్చుంటే అవి దిగవు. దప్పికతో పైనే నిలబడతాయి."

ఆ మాట తర్వాత ఎవరమూ మాట్లాడలేదు, సర్దుకుని దిగాం.

రాత్రి కింద పల్లెలో స్నేహితుడి ఇంట్లో రాగిసంగటి, ఊరుబిండి. మిద్దె మీద పడుకున్నాం. దిండ్లు చాలకపోతే గుడారం సంచే తలకింద పెట్టుకున్నా.