పడవ యజమానికి ఎవరు చెప్పాలి?

పిల్లలు ఎవరి వస్తువైనా పాడుచేస్తే క్షమాపణ అడగాల్సింది ఎవరు? గోదావరి పక్క మా ఊళ్ళో ఈ ప్రశ్నే ఉండేది కాదు. నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవారు, "చిన్నపిల్ల, తెలియక చేసిందండీ, ఏమీ అనుకోకండి" అనేవారు. మేము తల వంచుకుని వెనకాల నిలబడేవాళ్ళం. ఖర్చు సంగతి పెద్దవాళ్ళు మాట్లాడుకునేవారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పిల్లల్ని పెంచుతూ, ఆ పద్ధతిలో ఏది ఉంచుకోవాలి, ఏది మార్చుకోవాలి అన్నది ఈ వేసవిలో కొంత తేల్చుకున్నాను.

ఇక్కడ కార్ల నంబర్ ప్లేట్ల మీదే "10,000 సరస్సులు" అని రాసి ఉంటుంది. పదెకరాలు దాటినవే లెక్కపెడితే 11,842. ఎండలు మొదలైతే పిల్లలు నీళ్ళు వదలరు. మా పన్నెండేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ తమ్ముడితో కలిసి అల్యూమినియం కనూ, అంటే తెడ్లతో నడిపే సన్నటి పడవ, వేసుకుని బయల్దేరింది. ఆ పడవ తేలిక. ఇద్దరు పిల్లల బరువుకి నీళ్ళలోకి పెద్దగా దిగదు, పక్కగాలి కొడితే పెద్దవాళ్ళకే తిప్పడం కష్టం. గాలి వాళ్ళని ఒక ఇంటి డాక్ వైపు, అంటే ఒడ్డు నుంచి నీళ్ళలోకి వేసిన పలకల దారి వైపు తోసింది. అక్కడ కట్టేసి ఉన్న ఫైబర్‌గ్లాస్ బోటుకి కనూ ముక్కు గీసుకుపోయి, జానెడు మేర పైపూత పెచ్చు ఊడింది. చూసినవాళ్ళు లేరు.

రాత్రి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. ముందు నానమ్మకి చెప్పుకుంది. ఇండియా నుంచి వచ్చి మా దగ్గరున్న అత్తగారు వెంటనే దాన్ని నా దగ్గరికి తీసుకొచ్చారు. తమ్ముడి మీదకి నెట్టే అవకాశం ఉన్నా నెట్టలేదు. "వెనక కూర్చున్నది నేను, తిప్పాల్సింది నేనే" అంది. కనూలో దారి తిప్పేది వెనక తెడ్డే, ఆ మాట నిజం.

తెలిసిన తెలుగువాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే టెన్షన్. నోటితో ఒప్పుకుంటే కేసు వేస్తారు, గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తుంటే మీకెందుకీ గొడవ అన్నారు. వీసా మీద బతికేవాళ్ళకి ఆ భయం ఊరికే రాలేదు, నాకూ ఉంది. కానీ నీళ్ళ మీద ప్రమాదం జరిగితే ఆగి, పేరూ అడ్రసూ ఇవ్వాలన్నది ఇక్కడి చట్టం. నష్టం 2,000 డాలర్లు, ఆపైన ఉంటే రిపోర్ట్ కూడా రాసివ్వాలి. మా సంగతి అంతవరకూ పోలేదు. ఇంకో విషయం ఆ భయపెట్టినవాళ్ళెవరూ ఆలోచించలేదు. పైన జెల్‌కోట్ అనే పూత ఊడిపోతే లోపలి ఫైబర్‌కి తేమ పడుతుంది, చలికాలం గడ్డకడితే పగులు పెద్దదవుతుంది. మనం నోరు మూసుకున్న ప్రతి రోజూ ఆ బోటు యజమానికి నష్టమే.

మర్నాడు వెళ్దామంటే ఇంట్లో వాదన. "పెద్దవాళ్ళం ఉండగా పసిపిల్ల చేత చెప్పిస్తావా?" అన్నారు అత్తగారు. ఆవిడ మాటలో ప్రేమ ఉంది. పిల్ల తప్పు ఇంటిల్లిపాదిదీ అనుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ తరవాత తన తప్పులు తనే చెప్పుకోవాలి, అప్పుడు పక్కన మేం ఉండం. అందుకే అందరం వెళ్ళాం, మాట్లాడింది మాత్రం అమ్మాయి.

బోటు యజమాని నా వైపు చూడనైనా లేదు. ఎన్ని గంటలకి, గాలి ఎటు నుంచి, తమ్ముడు లైఫ్ జాకెట్ వేసుకున్నాడా అని దాన్నే అడిగారు. ఇక్కడ పదేళ్ళ లోపు పిల్లలకి అది తప్పనిసరి. గొంతు వణికినా అన్నిటికీ జవాబు చెప్పింది. "గాలి వల్లండీ" అని మధ్యలో దూరాలని నాకు ఎంతో అనిపించింది, ఊరుకున్నాను. అత్తగారు బొబ్బట్ల డబ్బా అందిస్తే ఆయన పుచ్చుకోవడానికి తటపటాయించారు. "ఇది బోటు కోసం కాదు, మీ ఇంటికి వచ్చాం కాబట్టి" అని అమ్మాయే చెప్పింది. ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు.

రిపేరు బిల్లు మేమే కట్టాం. అందులో కొంత దాని పుట్టినరోజు డబ్బుల్లోంచి తీసుకున్నాం. సరస్సు గడ్డకట్టేలోపు ఇక్కడ బోట్లూ డాక్‌లూ బయటికి తీసేస్తారు, ఆ పనికి సాయం వస్తానని ఆయనకి మాటిచ్చింది. పిల్ల డబ్బు ముట్టుకోవడం అత్తగారికి నచ్చలేదు, ఇప్పటికీ నాతో వాదిస్తూనే ఉన్నారు. నేను మాత్రం ఆ డబ్బు తిరిగి ఇవ్వదలుచుకోలేదు. అక్టోబరులో డాక్ తీసే రోజున దానితో పాటు నేనూ వెళ్తాను, ఆ పలకలు ఒక్కపిల్ల మోయగలిగేవి కావు.